శుక్రవారం నాటి ఫైలు

“చచ్చిపోయినవాడు మర్నాడు లేచొచ్చి కంప్లయింటు ఎలా ఇచ్చాడమ్మా?”

మేనేజరు గొంతు పెంచలేదు. కంప్యూటరు తెరను రెండు చేతులా పట్టుకుని, పసిబిడ్డ ముఖం చుట్టాలకి చూపించినంత మెత్తగా ఎంక్వయిరీ ఆఫీసరు వైపు తిప్పాడు. తెర మధ్యలో చిన్న పెట్టె. ఫైలు పేరు ‘ఏడంతస్తుల మేడ - బ్రేకు’. తయారైంది శుక్రవారం మధ్యాహ్నం మూడూ పదిహేనుకి. చివరిసారి మార్చిందీ అప్పుడే.

లిఫ్టు మెకానిక్కు గ్రీజన్న పోయింది గురువారం ఉదయం.

ఫిర్యాదులమ్మ ఆ అంకెల్ని ఒకటికి రెండుసార్లు చదివింది. లిఫ్టు కంపెనీ ఆఫీసులో మెకానిక్కులు చెప్పే ఫిర్యాదులన్నీ టైపు చేసేది ఆమే. అందుకే వాళ్లు ఆ పేరు పెట్టారు. “అమ్మకి మొరపెట్టుకుంటే తీరని కష్టముండదు, ఒక్క జీతం సంగతి తప్ప” అని ఏడిపిస్తుండేవాళ్లు.

“సోమవారం సార్,” అంది. “సాయంత్రం నాలుగున్నర దాటాక గ్రీజన్న నా టేబులు ముందు నిలబడి చెబితే టైపు చేశాను. లిఫ్టు ఆపినచోట ఆగట్లేదు, జానెడు జారుతోంది, బ్రేకు అరిగింది, మార్చాలి అన్నాడు. కాగితంలో తారీఖు చూడండి, సోమవారమే.”

“కాగితం మీద తారీఖు మనం వేసేదమ్మా.” ఆఫీసరు పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. “నేను కావాలంటే నా పెళ్లి తారీఖు వేసుకుంటాను. మెషీను తనకి తాను వేసుకునేది వేరు. దానికి మనమీద ప్రేమా లేదు, పగా లేదు.”

“జాలిపడింది సార్,” మేనేజరు కలగజేసుకున్నాడు. “మనసు మంచిది. శుక్రవారం చివరిచూపు చూసొచ్చి, మధ్యాహ్నం సీట్లో ఒక్కతే కూర్చుంది. ఆ ఇంటికి ఏదో సాయం చేద్దామని టైపు చేసుంటుంది. తప్పే, కాదనను.”

“నేను చేసింది సోమవారం!” ఆమె లేచి నిలబడింది. “గురువారం తొమ్మిదింటికి అన్న నాకు ఫోన్ కూడా చేశాడు సార్. ఏడంతస్తుల మేడకి గ్రీజు పెట్టడానికొచ్చాను, బ్రేకు మార్చేశారా చెల్లెమ్మా అని అడిగాడు. మిగిలిన పనుల లిస్టు చూశాను. లిస్టులో లేదు. లేదంటే పని అయిపోయినట్టే కదా, అయిపోయిందన్నా అని చెప్పాను. ఆ మాట నమ్మి లిఫ్టు కింది గోతిలోకి దిగాడు. లిఫ్టు జారి మీదికొచ్చింది. సోమవారం ఉన్న ఫైలు గురువారానికి లిస్టులోంచి ఎలా మాయమైంది? మళ్లీ శుక్రవారం తారీఖుతో ఎలా మొలిచింది? ఆ లిస్టు చూసేది ఇద్దరమే. నేనూ, ఈయనా!”

వేలు మేనేజరు ముఖానికి మూరెడు దూరంలో ఆగింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. “చూశారా సార్, చివరికి నా మెడకి చుట్టింది,” అన్నాడు. ఈసారి గొంతులో మెత్తదనం లేదు.

“ఫోన్ చేశాడు, నిజమే. ఏం మాట్లాడుకున్నారన్నది నీ ఒక్కదాని మాట,” అన్నాడు ఆఫీసరు. “వినమ్మా. బ్రేకు సంగతి ముందే చెప్పి ఉంటే తప్పు ఆఫీసుది. చెప్పకుండా, చూసుకోకుండా దిగితే తప్పు అతనిది. ఎల్లుండి గురువారం నేను రాయాల్సింది ఈ రెండిట్లో ఒకటి. ఈ ఫైలు కాక ఇంకేదైనా ఆధారముంటే తెచ్చుకో. లేకపోతే ‘స్వయం నిర్లక్ష్యం’ అని రాసి సంతకం పెడతాను.”

గోడ పక్క కుర్చీలో, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చున్న గ్రీజన్న భార్య ఆ రెండు మాటల్నీ నోట్లోనే పలికి చూసుకుంది, మందు చేదు తెలుసుకుంటున్నట్టు.

వరండాలోకి వచ్చాక ఆవిడ సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ అంది. “మరదలా, చెప్పులు దులిపి చూసుకోకుండా కాలు పెట్టే మనిషి కాదు మీ అన్న. అద్దెకి ఇల్లు చూడటానికెళితే మెట్లు లెక్కపెట్టి గానీ పైకి ఎక్కేవాడు కాదు. పాలు పొంగుతున్నాయంటే ముందు స్టవ్వు గొట్టం చూసేవాడు. అలాంటివాడు చూసుకోకుండా దిగాడని రాస్తారా? పిల్ల అప్పుడే అడిగింది. నాన్న తప్పు చేశాడా అమ్మా అని.”

“రాయనివ్వను వదినా.” ఫిర్యాదులమ్మ ఆవిడ చేతిని పట్టీతో సహా పట్టుకుంది. “లిస్టులోంచి తీసినవాడెవడో తేలుస్తాను. ఆ గదిలోనే, నీ ఎదురుగా పేరు చెప్పిస్తాను.”

“కొట్టను, తిట్టను. ఆ ఓపిక నాకు లేదు. మా ఆయన కాదని తెలిస్తే చాలు.”

ఆవిడ మెట్లు దిగిపోయింది. ఫిర్యాదులమ్మ తిన్నగా లోపలికొచ్చి, టేబులు కింద దూరి వైర్లు సర్దుతున్న తమ్ముడి కాలిని తన కాలితో తట్టింది. ఆఫీసులో కంప్యూటర్లన్నీ చూసుకునేది వాడే.

“ఒరేయ్, ఫైలు తారీఖు మార్చొచ్చా?”

టేబులు కింద చేతులు ఆగాయి. “వదిలెయ్యక్కా. మేనేజరుతో మాట్లాడాను. నిన్నేమీ అనరు. మహా అయితే ఒక మెమో.”

“మెమో సంగతి ఎవడడిగాడు? మార్చొచ్చా, లేదా?”

“నువ్వు అన్నం తిన్నావా?” అన్నాడు వాడు, తల బయటికి పెట్టకుండానే.

సీట్లో కూర్చుని కీబోర్డు మీద దుమ్ము గుడ్డతో తుడిచింది. తుడవాల్సినంత దుమ్మేమీ లేదు. గ్రీజన్న ఈ టేబులు ఎప్పుడూ తాకేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, బళ్లో పద్యం అప్పజెప్పే పిల్లాడిలా నిలబడి ఫిర్యాదు చెప్పేవాడు. “కూర్చో అన్నా” అంటే, “నేను కూర్చుంటే ఆ కుర్చీ ఇక నాదే చెల్లెమ్మా, ఇంకెవడూ కూర్చోడు” అనేవాడు.

తెర మీద ‘మిగిలినవి’ అనే ఫోల్డరు తెరిచింది. వచ్చిన ప్రతి ఫిర్యాదుకీ అందులో ఒక ఫైలు. ఆ ఫోల్డరు మేనేజరు తెర మీద కూడా కనిపిస్తుంది. పొద్దున్నే ఆయన దాన్ని చూసి మనుషుల్ని పనికి పంపుతాడు. “నా కళ్ల ముందు మిగిలిన పనే ఉండాలి, అయిపోయిన పని చూసి మురవడానికి నాకు తీరిక లేదు” అన్నది ఆయన పెట్టిన నియమం. అయిపోయినవి చెరిపేయకూడదు, కనిపించనూ కూడదు. అందుకు తమ్ముడు ఉపాయం చెప్పాడు. అయిపోయిన ఫైళ్లను ఎంచుకుని, కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో ‘హిడెన్’ అన్నచోట టిక్కు పెడితే చాలు. ఫైలు అక్కడే ఉంటుంది, కంటికి మాత్రం ఆనదు. నెలాఖరుకి వాడే వచ్చి అన్నీ కనిపించేలా చేసి, జాబితా తీసి పెట్టేవాడు.

రోజూ సాయంత్రం అయిపోయినవాటికి టిక్కు పెట్టడం, ఫోల్డరు మొత్తాన్ని ఆ రోజు పేరుతో పెన్‌డ్రైవులోకి నకలు తీసుకోవడం, సంచిలో వేసుకుని బస్సుకి పరిగెత్తడం. కళ్లు మూసుకుని చేసే పని.

పెన్‌డ్రైవు! గబగబా సంచి కుమ్మరించింది. దువ్వెన, తాళాలు, మందుబిళ్లల అట్ట, దాని కింద పెన్‌డ్రైవు. గుచ్చి, పోయిన సోమవారం నకలు తెరిచింది. తొమ్మిది ఫైళ్లు. తొమ్మిదీ చదివింది. బ్రేకు లేదు.

ఇందులోంచి కూడా తీసేశారా? సంచి ఎప్పుడూ ఆమె దగ్గరే ఉంటుంది. ఆమె లేనప్పుడు దాన్ని ఎవరు ముట్టుకున్నట్టు?

బుధవారం ఒంటిపూట సెలవు పెట్టి, రెండు వీధుల అవతల కంప్యూటర్లు రిపేరు చేసే ముసలాయన కొట్టుకి వెళ్లింది. తమ్ముణ్ని మళ్లీ అడగబుద్ధి కాలేదు. ఆయన ఏదో బోర్డుని పళ్లు తోమే బ్రష్షుతో తోముతున్నాడు.

“తారీఖు మార్చొచ్చా అని అడుగుతున్నారా?” నవ్వాడు. “మీరు ఏ ఏడు పుట్టారమ్మా?”

చెప్పింది. ఆయన తన కంప్యూటరులో ఒక ఖాళీ ఫైలు చేశాడు. చిన్న ప్రోగ్రామొకటి తెరిచి నాలుగు అంకెలు కొట్టి, తెర చూపించాడు. “ఇదిగో, ఈ ఫైలు మీకంటే పదేళ్లు పెద్దది. వరసకి అన్నయ్య అవుతుంది. గోడ గడియారంలో ముల్లు తిప్పినంత సులువు.”

“మరి మెషీను అబద్ధమాడదన్నారే?”

“మెషీను ఆడదు. మనం చెప్పింది అప్పజెబుతుంది. చిలకా అంతే కదమ్మా.”

గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. పెన్‌డ్రైవు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. “ఇందులో కూడా ఉండాలి. చెరిపేశారు. చెరిపింది తిరిగొస్తుందా?”

ఆయన సోమవారం నకలు తెరిచాడు. తొమ్మిది ఫైళ్లు. పైన ఏదో మెనూలోకి వెళ్లి ఒక గడిలో టిక్కు పెట్టాడు. తెర ఒక్కసారి రెప్పవేసినట్టయింది. తొమ్మిదింటి మధ్య సందుల్లోంచి ఇంకో ఇరవై పైగా ఫైళ్లు లేచొచ్చాయి. మామూలువాటిలా నిండు రంగులో లేవు. ఉతికి ఉతికి వెలిసిన బట్టల్లా పాలిపోయి ఉన్నాయి.

“చెరపలేదమ్మా. దాచినవి ఇవి.”

వరుసలో పైనుంచి ఆరోది. ‘ఏడంతస్తుల మేడ - బ్రేకు’. మార్చిన సమయం సోమవారం, సాయంత్రం నాలుగూ నలభై.

“ఇదే!” కొట్టంతా మారుమోగేలా అరిచింది. “ఇదే బాబుగారూ! సోమవారం! చూడండి, సోమవారం!” ఎదుటి టీకొట్టు మనిషి తొంగిచూశాడు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. “ఇంక ఆ మేనేజరు ఎక్కడికి పోతాడు? దాచిన దొంగ దొరికాడు.”

ముసలాయన నవ్వలేదు. బ్రష్షు చివరతో తెర మీద అంకెలు చూపించాడు. “ఈ నకలు ఎప్పుడు తీశారు?”

“సోమవారమే. అయిదూ పాతికకి. ఇంటికెళ్లేముందు.”

“ఆ తర్వాత ఈ పెన్‌డ్రైవు ఎవరి చేతికైనా వెళ్లిందా?”

“లేదు. నా సంచిలోనే ఉంది.”

“అలాగైతే, మీరు నకలు తీసేసరికే ఇది దాగి ఉందమ్మా. ఫోల్డర్ని ఎత్తి ఇక్కడ పెడితే, దాగినవి దాగినట్టే వచ్చాయి. నాలుగూ నలభైకి తయారైంది, అయిదూ పాతికకి దాగి ఉంది. ఆ ముప్పావు గంటలో మీ కంప్యూటరు ముందు ఎవరున్నారు?”

ఆమె తెర మీదికి వంగింది.

పాలిపోయిన వరుసలో అయిదోది ‘ఏడంతస్తుల మేడ - తలుపు’. అదే మేడ, తలుపు ఫిర్యాదు. సోమవారం మధ్యాహ్నమే పని అయిపోయిందని మనుషులొచ్చి చెప్పారు. దాని కిందే బ్రేకు. రెండిటికీ మధ్య గోరంత సందు.

ఆ సోమవారం సాయంత్రం, భుజాన సంచి. అయిదూ ఇరవై. అయిదున్నర బస్సు తప్పితే మళ్లీ ఆరుంపావుకే. సంచి పట్టీని మోచేత్తో అదిమిపట్టి, ఎడం వేలు షిఫ్టు మీట మీద, కుడి చేత్తో మౌసు. పైన మొదటి ఫైలు మీద ఒక నొక్కు, కింద చివరి దాని మీద ఇంకో నొక్కు, మధ్యలోవన్నీ నీలం రంగు. టిక్కు. ఓకే.

చివరి నొక్కు ఒక వరుస కిందికి పడింది.

మంగళవారం పొద్దున్న మేనేజరు లిస్టు చూసుకున్నాడు. అందులో బ్రేకు లేదు. బ్రేకు మనుషుల్ని పంపలేదు. గురువారం తొమ్మిదింటికి ఫోన్ మోగింది. లిస్టు చూసింది. అయిపోయిందన్నా, దిగు.

“మంచినీళ్లు తాగుతారా?” అన్నాడు ముసలాయన.

పెన్‌డ్రైవు తీసుకుని, గుప్పిట మూసి, గుమ్మం దిగింది. ఎంతివ్వాలో అడగలేదు. ఆయనా పిలవలేదు.

సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. ఆమె ఇల్లు చేరేసరికి తమ్ముడు మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తున్నాడు. చేతినిండా బట్టలు, పళ్ల మధ్య నాలుగైదు బట్టల క్లిప్పులు. ఆమె మెట్ల దగ్గరే ఆగి గుప్పిట తెరిచి చూపించింది.

“ఇందులో నకలుంది. సోమవారానిది. పాలిపోయి ఉంది.”

వాడు కదల్లేదు. క్లిప్పుల్ని ఒక్కొక్కటే నోట్లోంచి తీసి తాడుకి పెట్టాడు. ఖాళీ తాడుకి.

“ఎప్పుడు తెలిసింది నీకు?” అడిగింది.

“గురువారం మధ్యాహ్నం. ఆ మేడ మీద ఫిర్యాదేదైనా వచ్చిందేమో చూడమన్నాడు మేనేజరు. దాచినవన్నీ బయటికి తీసి చూస్తే కనిపించింది. ఏమీ లేదని చెప్పేశాను.”

“మరి చెరిపేయకపోయావా?”

“నువ్వు అప్పటికే ఆస్పత్రిలో పదిమంది ముందు అరిచావు కదక్కా, సోమవారం నేనే టైపు చేశానని. ఫైలు అసలు లేకపోతే ఏమైందని తవ్వుతారు. బయటినుంచి మనుషుల్ని పిలిపిస్తారు. ఎవరు దాచారో పట్టేస్తారు.” వాడు బట్టల మూటని గుండెకి అదుముకున్నాడు. “శుక్రవారం తారీఖుతో బయట పడితే ఎవరూ తవ్వరు. జాలిపడి రాసిందంటారు, నాలుగు తిట్లు తిడతారు. నువ్వు సీట్లో ఉన్న టైము చూసి మరీ పెట్టాను. ఉద్యోగం పోతే పోయింది, ఇంకోటి చూసుకుంటాం. నీకు తెలియకూడదనుకున్నాను, అంతే. ఇది తెలిస్తే నువ్వు బతకగలవా?”

ఆమె పిట్టగోడకి ఆనుకుంది. చినుకులు ఆగిపోయాయి. కింద ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు.

“మరి గ్రీజన్న?”

“పోయినవాడికి పేరుతో పనేముందక్కా?”

“ఆయన భార్యకుందిరా. పిల్లకుంది.”

“నీకు నేనున్నాను!” వాడు ఒక అడుగు ముందుకేశాడు. “వేలు ఒక్క గీత కిందికి జారింది. ఒక్క గీత! దానికి మనిషి ప్రాణం నీ నెత్తిన పెడతారా? అది కావాలని చేశావా? ఆ పెన్‌డ్రైవు ఇటివ్వు. నీళ్ల తొట్టెలో పడేస్తాను. ఎవరికీ తెలియదు.”

వాడు చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. ఆ చేతిలోంచి జారిపడిన చొక్కాని వంగి తీసి, అంటిన తడి దులిపి, మడతపెట్టి, తిరిగి మూట మీద పెట్టింది.

“అన్నం తిన్నావా?” అని అడిగింది.

గురువారం అదే గది. మేనేజరు ఈసారి ఒంటరిగా రాలేదు. పక్కన హెడ్డాఫీసు మనిషిని కూర్చోబెట్టుకున్నాడు. ఫిర్యాదులమ్మ లోపలికి రాగానే కుర్చీ రెండంగుళాలు వెనక్కి జరుపుకున్నాడు. గ్రీజన్న భార్య గోడ పక్కనే, అదే కుర్చీలో ఉంది. తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు.

ఆఫీసరు పెన్‌డ్రైవు గుచ్చి, ఆమె చెప్పినట్టే గడిలో టిక్కు పెట్టి, సోమవారం తారీఖు చూశాడు.

“ఇదీ మార్చిందే అయితే?”

“నాకే చుట్టుకునేలా నేనెందుకు మారుస్తాను సార్?” అంది. “ముందు ఒక మాట. మేనేజరుగారు దేన్నీ ముట్టుకోలేదు. మొన్న ఆయన్ని అన్నది వెనక్కి తీసుకుంటున్నాను.”

మేనేజరు తేలికపడాల్సింది. కానీ అయోమయంగా ఆమెనే చూస్తుండిపోయాడు.

“అయితే ఆఫీసు కంప్యూటరులో శుక్రవారం తారీఖు పెట్టిందెవరు?” అన్నాడు ఆఫీసరు.

“నేను సార్.”

గుమ్మంలోంచి. అందరూ తిరిగారు. తమ్ముడు తలుపు చట్రాన్ని పట్టుకుని ఉన్నాడు.

గ్రీజన్న భార్య లేచింది. ఒళ్లోని సంచి నేల మీద పడింది. “నువ్వా? మా ఇంటికొచ్చి ఫ్యాను బిగించినవాడివి! ఆయన పళ్లెంలో అన్నం తిన్నవాడివి! ఏం చేశాం నాయనా నీకు?”

“మేనేజరు చెబితే చేశావా?” ఆఫీసరు అడిగాడు.

వాడు తల అడ్డంగా ఊపాడు.

“మరి ఎవరికోసం?”

వాడు ఎవరి వైపూ చూడకుండా ఉండాలని ప్రయత్నించి, ఓడిపోయి, అక్క వైపు చూశాడు.

ఫిర్యాదులమ్మ గది దాటి వెళ్లి, కింద పడిన సంచిని తీసి, ఆవిడ చేతికిచ్చింది.

“వాణ్ని ఏమీ అనకు వదినా. వాడు మార్చింది తారీఖే. మీ ఆయన బ్రేకు సంగతి సోమవారమే చెప్పాడు. గురువారం మళ్లీ అడిగాడు. చెప్పాల్సింది చెప్పాడు, అడగాల్సింది అడిగాడు. అన్నీ చూసుకునే దిగాడు. రాసుకోండి సార్, ఆయన తప్పు లేదు.”

ఆఫీసరు పెన్ను మూత తీశాడు. కాగితం మీద మొదటి గీత పడిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది.

గ్రీజన్న భార్య కళ్లు మూసుకుని, ఊపిరి పూర్తిగా వదిలింది. వారం రోజులుగా బిగబట్టినట్టుంది ఆ ఊపిరి. తర్వాత కళ్లు తెరిచి, ఫిర్యాదులమ్మ మణికట్టు పట్టుకుంది.

“మరి లిస్టులోంచి తీసిందెవరే? పేరు చెప్పిస్తానన్నావు. ఎవరు?”

తమ్ముడు “అక్కా” అన్నాడు.

ఫిర్యాదులమ్మ తన మణికట్టు మీదున్న ఆ చేతిని చూసింది. ఇంకొక్క క్షణంలో ఆ చెయ్యి వదిలేస్తుంది. వదిలేసేలోగా చెప్పాలి.

“నేను వదినా,” అంది. “నేనే తీశాను.”